మేనేజ్డ్ మొబైళ్లకు యాప్‌ల పంపిణీ: బ్యాండ్‌విడ్త్ పొదుపు

సంస్థలు తమ ఫోన్లను, ట్యాబ్‌లను ఒకే చోటి నుంచి నడిపించుకునే వ్యవస్థను మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ (ఎండీఎం) అంటారు. అడ్మిన్ ఒక గ్రూపుకు యాప్ కేటాయించగానే అందులోని పరికరాలన్నీ దాదాపు ఒకేసారి డౌన్‌లోడ్‌కు దిగుతాయి. 200 ఎంబీ యాప్‌ను 300 ట్యాబ్‌లకు పంపితే మొత్తం 60 జీబీ. 100 ఎంబీపీఎస్ లైనును వేరెవరూ ముట్టుకోకపోయినా అందుకు 80 నిమిషాలు పడుతుంది. స్టోర్ యాప్‌ల విషయంలో ఎండీఎం సర్వర్ పంపేది చిన్న ఆదేశం మాత్రమే, అసలు బరువు స్టోర్ నుంచి వచ్చే ఫైలుది. ఈ భారాన్ని తగ్గించాలంటే ఫైలు చిన్నదవ్వాలి, లేదా అదే ఫైలు అదే లైను మీద పదేపదే రాకుండా ఆగాలి. డౌన్‌లోడ్‌లను రాత్రికి వాయిదా వేయడం మూడో మార్గంగా చెబుతారు గానీ, దానివల్ల రద్దీ తగ్గుతుందే తప్ప ఒక్క ఎంబీ కూడా మిగలదు. డేటాకు లెక్కగట్టి బిల్లు వేసే కనెక్షన్లలో ఈ తేడా జేబుకు తెలుస్తుంది.

ఫైలును చిన్నది చేయడంలో ఎక్కువ పని స్టోర్లే చేసిపెట్టాయి. ఆపిల్ 2015లో ఐఓఎస్ 9తో యాప్ థిన్నింగ్ తెచ్చింది. పరికరం మోడల్‌కు కావలసిన చిత్రాలు, కోడ్ మాత్రమే దానికి చేరతాయి. ఆండ్రాయిడ్‌లో 2018లో వచ్చిన యాప్ బండిల్‌ది కూడా ఇదే పద్ధతి. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లకు గూగుల్ దీన్ని తప్పనిసరి చేసింది. అయితే సంస్థలు తమ ఉద్యోగుల కోసమే పెట్టుకునే ప్రైవేటు యాప్‌లను ఆ నిబంధన నుంచి మినహాయించింది. అన్ని మోడళ్ల సరుకునూ మోసే పాత తరహా ఏపీకే ఫైళ్లు ఆఫీసు యాప్‌లలో ఇంకా కనబడడానికి ఇదొక కారణం.

అప్‌డేట్ల విషయంలో మార్పు జరిగిన భాగాన్ని మాత్రమే పంపే డెల్టా పద్ధతి ఉంది. చెప్పినంత తేలిక కాదిది. ఏపీకే అనేది కుదించిన జిప్ ఫైలు. లోపల ఒక చిన్న అంశం మారినా కుదించిన రూపంలో బైట్లు చాలా దూరం వరకు తారుమారవుతాయి. అందుకని 2016 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన ఫైల్-బై-ఫైల్ ప్యాచింగ్‌లో పాత, కొత్త యాప్‌లను ముందు విప్పి, విప్పిన రూపాలను పోల్చి, తేడాను మాత్రమే ఫోనుకు పంపుతారు. ఫోను ఆ తేడాను కలిపి, యాప్‌ను అసలు ఫైలుతో ఒక్క బైటు కూడా తేడా రాకుండా తిరిగి కుదిస్తుంది. పూర్తి యాప్‌తో పోలిస్తే ఇలాంటి అప్‌డేట్లు సగటున 65 శాతం చిన్నవని అప్పట్లో గూగుల్ తెలిపింది. కుదింపు పని ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి మొదట దీన్ని ఆటోమేటిక్ అప్‌డేట్లకే పరిమితం చేశారు.

ఒకే ఫైలు పదేపదే రాకుండా చూసేది స్థానిక కాష్. ఒకప్పుడు స్క్విడ్ వంటి ప్రాక్సీలు ఈ పని చేసేవి. హెచ్‌టీటీపీఎస్ వాడకం విస్తరించాక దారిలో వెళ్లే ఫైలు ఏమిటో ప్రాక్సీకి కనబడడం లేదు. ఆపిల్ మాత్రం సొంత కాష్ ఇస్తోంది. మొదట ఓఎస్ ఎక్స్ సర్వర్‌లో భాగంగా ఉన్న ఈ సదుపాయం 2017లో హై సియెర్రాతో మామూలు మ్యాక్‌లోకే వచ్చింది. కంటెంట్ కాషింగ్ ఆన్ చేసిన మ్యాక్ ఆపిల్ సర్వర్ల వద్ద తన పేరు నమోదు చేసుకుంటుంది. అదే పబ్లిక్ ఐపీ చిరునామా నుంచి ఐప్యాడ్ ఏదైనా యాప్ అడిగితే, పక్కనే ఉన్న మ్యాక్ దగ్గర తీసుకొమ్మని దానికి జవాబు వస్తుంది. పై లెక్కలో 60 జీబీ బదులు బయటి లైను మీద సుమారు 200 ఎంబీతో సరిపోతుంది. ఐప్యాడ్‌లన్నీ ఒకే మోడల్ అయితేనే ఇంత లాభం. థిన్నింగ్ వల్ల మోడల్‌ను బట్టి ఫైలు మారుతుంది గనుక, నాలుగైదు రకాలు కలిసిన చోట ఒక్కో రూపాన్ని విడిగా తెచ్చుకోవాలి.

ఆఫీసుకు రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉండి మ్యాక్ ఒక ఐపీ నుంచి, ఐప్యాడ్‌లు మరో ఐపీ నుంచి బయటికి వెళ్తుంటే కాష్ ఖాళీగా కూర్చుంటుంది. అలాంటప్పుడు పబ్లిక్ ఐపీల వివరాలతో డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టాలి. పని జరుగుతున్నదీ లేనిదీ యాక్టివిటీ మానిటర్‌లోని కాష్ ట్యాబ్‌లో తెలిసిపోతుంది. మరో సంగతి తరచు మరుగున పడుతుంది. కాష్ ఆదా చేసేది బయటి లైనునే. 300 ట్యాబ్‌లకు వైఫై మీద వెళ్లే 60 జీబీ అలాగే ఉంటుంది. ఒకే యాక్సెస్ పాయింట్ కింద తరగతి మొత్తం ఉంటే డౌన్‌లోడ్ నత్తనడకే. మ్యాక్‌ను కేబుల్‌తో కలపడం, పరికరాలను విడతలుగా వదలడం ఇక్కడ పనికొస్తాయి.

ఆండ్రాయిడ్‌లో అడ్మిన్ చేతిలో ఉన్నది ప్రధానంగా అప్‌డేట్ విధానం. మామూలుగా, లెక్కగట్టని నెట్‌వర్క్‌లో ఉండి, చార్జింగ్‌లో ఉండి, ఎవరూ వాడకుండా ఉన్నప్పుడే ఫోను అప్‌డేట్ తెచ్చుకుంటుంది. రోజంతా మొబైల్ డేటా మీద తిరిగే డెలివరీ ఉద్యోగి ఫోనుకు ఈ మూడూ కలిసిరావడం అరుదు. వారాలు గడిచినా పాత వెర్షనే కనబడుతుంటే అడ్మిన్ విసిగి హై ప్రయారిటీకి మారుస్తాడు. అందులో ఏ షరతూ లేదు కాబట్టి కొత్త వెర్షన్ రాగానే ఫోన్లన్నీ సిమ్ డేటా మీదే లాగేస్తాయి. గరిష్ఠంగా 90 రోజుల వరకు వాయిదా వేసే మూడో ఎంపిక కూడా ఉంది. నెలకు రెండు మూడుసార్లు మారే యాప్‌కు ఇది మంచి పొదుపు, మధ్య వెర్షన్లు ఎన్ని వచ్చినా వాటిని దించుకోనక్కర్లేదు. భద్రతా లోపాలు సవరించే యాప్‌లకు మాత్రం ఇది తగదు.

నెట్‌వర్క్‌ను అసలు తాకకుండానే కొంత పని ముగించవచ్చు. ఆపిల్ కాన్ఫిగరేటర్‌తో యూఎస్‌బీ కేబుల్ ద్వారా యాప్‌లు ఎక్కించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఇచ్చిన ట్యాబ్‌లు పాఠాలు ముందే నింపుకుని వచ్చాయి. ఇంటర్నెట్ లేని ఊళ్లోనూ ఆ పాఠాలు తెరుచుకునేవి. సొంత యాప్ రాయించుకునే సంస్థలకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. శిక్షణ వీడియోలు, కేటలాగ్ బొమ్మలు యాప్ లోపలే పెట్టి ప్రతి వెర్షన్‌తో మోయించకుండా విడి ఫైళ్లుగా ఉంచితే, అవి మారినప్పుడే పంపాల్సి వస్తుంది. సంస్థల కోసం గూగుల్ నడిపే మేనేజ్డ్ ప్లే నుంచి కాకుండా సొంత సర్వర్ నుంచి ఏపీకే పంపే చోట ఇది మరీ అవసరం. అక్కడ సాధారణంగా డెల్టా ఉండదు, రెండు వరుసల సవరణకైనా పూర్తి ఫైలు వెళ్లాల్సిందే.