అరకు కాఫీ

తూర్పు కనుమల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లా అరకు, పాడేరు ప్రాంతాల గిరిజన రైతులు పండించే అరబికా కాఫీ. సముద్ర మట్టానికి సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. రుచికి మూలం ఎత్తేనంటారు గానీ, అసలు పని చేసేది ఆ ఎత్తు తెచ్చే చల్లదనం. రాత్రి చలికి కాయ నిదానంగా పండుతుంది. గింజ గట్టిపడి చక్కెరలూ ఆమ్లాలూ కూడబెట్టుకుంటుంది. కప్పులో నాలుకకు తగిలే సన్నని పులుపు, పండ్ల వాసన అలా వచ్చినవే. సిల్వర్ ఓక్ చెట్ల నీడ ఎండ తాకిడిని తగ్గిస్తుంది. ఆ మానులకే మిరియాల తీగ పాకిస్తారు.

కొండ ఇచ్చిన రుచిని కోతలో పోగొట్టుకోవడం తేలిక. ఎర్రగా పండినవే ఏరి కోయాలి. కొమ్మంతా ఒక్కసారే దూస్తే పచ్చికాయల వగరు సరుకు మొత్తానికీ అంటుతుంది.

కాఫీ షాపుల్లో ఈ కాఫీ అడిగేవారు పాలు లేకుండా తాగడం మేలు. పాలు, చికోరీ కలిస్తే ఆ పులుపు మరుగున పడుతుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నాంది ఫౌండేషన్ చొరవతో 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.