అడుగుల లెక్క



మా యూరు ఎడ్లపాడు. గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు పెద్దబాటమీద నున్నది. నేటి రాత్రి నేను మీకు చెప్పబూనినది ఒక చేతిగడియారము కథ. అది గంటలు మాత్రము చెప్పు గడియారము కాదు. మనుష్యుడు దినమున కెన్ని యడుగులు వేసెను, వాని నాడి నిమిషమున కెన్ని మార్లు కొట్టుకొనెను, రాత్రి యెంతసేపు నిద్రించెను అను లెక్క లన్నియు వ్రాసి యుంచునట్టిది. దానిని మూడేండ్లు ధరించితిని. ఇప్పుడు ధరించుట లేదు. అది చెడిపోలేదు, దానిపై నాకు కోపమును లేదు. దానితో నాకు గల పని తీరినది. ఆ పని యేమి, అదెట్లు తీరినది యని చెప్పవలెనన్న కొంత పూర్వచరిత్ర తడవక తప్పదు. ఏలయన, అడుగులు లెక్కించుట యీ గడియారముతో పుట్టిన విద్య కాదు.

మైలు అను మాట లాటిను భాషలో వేయి యను సంఖ్యనుండి వచ్చినది. రోమనులు ఎడమకాలు మోపిన చోటినుండి మరల నెడమకాలు మోపు చోటివఱకు గల దూరము నొక కొలతగా నెంచిరి. అట్టివి వేయి చేరిన నొక మైలు. కావున మనము చిన్ననాట బాటప్రక్కన చూచిన మైలురాయి యనునది యెవ్వడో సైనికుడు వేసిన యడుగుల లెక్కయే. మన వారికి కోసులు, ఆమడలు నుండెను. ఆమడ యెంత యని యడిగిన ఒక్కొక్క సీమలో నొక్కొక్క జవాబు. ఎనిమిది మైళ్ళని కొందఱు, పది యని కొందఱు. దానిచేత నెవ్వరికిని పెద్ద నష్టము కలుగలేదు. ప్రొద్దు వాలులోపల మజిలీ చేరుదుమా, దారిలో మంచినీళ్ళు దొరకునా యనునవియే బాటసారికి కావలసిన సంగతులు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని చెన్నపట్టణమునుండి బయలుదేరి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి యింటికి చేరిరి. మజిలీకి మజిలీకి నడుమ దూరమును, బాట మంచిచెడ్డలను, వసతులను దినదినమును వ్రాసిపెట్టిరి. తరువాత పోవువారికి దారి తెలియుటకే యా వ్రాత. ఆయన ప్రయాణము పల్లకిలో జరిగినది గనుక అడుగులు బోయీలవి, లెక్క అయ్యగారిది యని నేనొకమాఱు హాస్యమాడగా మా బావ చాలసేపు నవ్వెను. ఈ బావ సంగతి ముందు వచ్చును.

అడుగులు లెక్కించుటలో అందఱను మించినవాడు కుమావూ కొండలవాడైన నయన్‌సింగు. టిబెట్టు దేశమున పరదేశులకు ప్రవేశము లేని కాలమది. 1865లో ఇంగ్లీషు సర్వే శాఖవా రాతనికి సమముగా నడుగు వేయుట నేర్పి, యాత్రికుని వేషమున నేపాళము మీదుగా పంపిరి. జపమాలకు 108 పూసలుండుట వాడుక. ఆతని మాలకు నూఱే పూసలు. నూఱడుగుల కొక పూస చొప్పున త్రిప్పుచు, మంత్రము జపించు చక్రములో వ్రాతకాగితములు దాచుకొని లాసాపట్టణమువఱకు నడచి, 1866లో తిరిగి వచ్చెను. 1877లో లండనులోని రాజకీయ భూగోళసంఘమువా రాతనికి బంగారు పతక మిచ్చిరి. ఈ మహానుభావుడు ఇల్లు చేరిన పిమ్మట కూడ పెరటిలో నడుగులు లెక్కించుచు తిరిగియుండునని నేను తలపను.

మన యిండ్లలోని స్త్రీలను చూడుడు. నూటయెనిమిది ప్రదక్షిణములు మ్రొక్కుకొన్నవారు చేతిలో చింతగింజలు పట్టుకొని చుట్టున కొక గింజ విడుతురు. గింజ లయిపోయిన మ్రొక్కు తీరినది, ఇంటికి వత్తురు. పూర్వపు లెక్కల కన్నిటికిని ఇట్టి తుది యొకటి యుండెను. దారి తెలిసినంతట, మ్రొక్కు తీరినంతట లెక్క యాగిపోవును.

తనకొఱకు తన యడుగులను తానే లెక్కించుకొను వేడుక ఐరోపాఖండమున గడియారములు చేయువారివలన వ్యాపించినది. అమెరికా దేశాధ్యక్షుడైన జెఫర్సను పారిసు నగరమున నున్నపు డట్టి యంత్రమును జేబులో పెట్టుకొని వీథులు కొలిచెను. 1788లో తన మిత్రుడు మాడిసనునకు నొకదానిని పంపెను. అప్పటి కది ధనవంతుల ఆటవస్తువు. నడకకును గుండెకును గల సంబంధమును లెక్కతో చూపినవాడు జెరెమీ మారిస్ అను నాంగ్ల వైద్యుడు. లండనులో రెండంతస్తుల బస్సు లుండును. ఆ కాలమున డ్రైవరు దినమంతయు కూర్చుండెడివాడు. కండక్టరు మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లు కోసెడివాడు. ఒకే కొలువు, ఒకే వీథి, ఒకే పొగ. అయినను గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనబడెను. ఈ సంగతి 1953లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను. ఆ కండక్టర్ల చేతులకు టిక్కెట్లే గాని అడుగులు లెక్కించు గడియారములు లేవు.

ఇక పదివేల యడుగుల సంగతి. దినమునకు పదివేల యడుగులు నడువవలెనని మీరును వినియుందురు. ఇదేదో వైద్యశాస్త్రమున నిర్ణయింపబడిన సంఖ్య యని నేను చాలకాలము నమ్మితిని. 1964లో టోకియో నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగగా జపానువారికి వ్యాయామముపై నాసక్తి హెచ్చెను. ఆ మఱుసటి యేట, అనగా 1965లో, యమాసా యను గడియారముల కంపెనీవారు నడుమునకు కట్టుకొను నొక యడుగుల యంత్రమును విక్రయమునకు పెట్టి దానికి ‘మాన్‌పో-కెయ్’ అని పేరిడిరి. మాన్ అనగా పదివేలు, పో అనగా అడుగు, కెయ్ అనగా కొలత. వారి లిపిలో పదివేలకు గుఱుతైన యక్షరము నడచుచున్న మనుష్యుని వలె కనబడునని కూడ చెప్పుదురు. పేరు చెవికింపైనది, సరకు చెల్లినది, సంఖ్య లోకమంతట ప్రాకినది. 2009లో ఫిట్‌బిట్, 2015లో ఆపిల్ వాచీ అంగళ్ళకు వచ్చునప్పటి కది శాస్త్రవాక్యమై కూర్చున్నది.

ఇప్పుడు నా కథ. ఆఱేండ్ల క్రిందట నాకు చక్కెరవ్యాధి గలదని వైద్యులు చెప్పిరి. అమెరికాలో నున్న మా పెద్దవాడు ఇది విని యీ గడియారమును పంపెను. మొదటి ఆఱు నెలలలో అది నాకు చేసిన యుపకారమును దాచరాదు. నేను బాగుగా నడచువాడనని నాకు గొప్ప నమ్మకము. అది మూడు దినములలో నా గర్వమణచెను. మధ్యాహ్నమునుండి దీపము పెట్టువఱకు అరుగుమీద కూర్చుండి లోకవ్యవహారములు మాటాడిన దినమున నా యడుగులు రెండువేలు దాటలేదు. రాత్రి భోజనమైన వెంటనే పడుకొను నలవాటు మానితిని. అరగంట నడకయనిన నెంత దూరమో, ఎంత ఊపిరియో నా కాళ్ళకు తెలిసినది.

అంతటితో నా లెక్క తీరియుండవలసినది. కాని గింజలు తరగని ప్రదక్షిణమున పడితిని. తొమ్మిదివేల యెనిమిదివందల వద్ద ప్రొద్దు గ్రుంకినచో మిగిలిన రెండువందలకై వసారాలో పచారు చేయుచుంటిని; నా మనుమరాలు నా వెనుకనే చేతులూపుచు నడచి వెక్కిరించెడిది. దేవాలయమున భజనలో తాళము వేయుచుండగా అడుగులు హెచ్చెను. గతుకుల దారిని ట్రాక్టరుమీద కూర్చుండి పోవగా హెచ్చెను. ఆ గడియారములో నూకను పోలిన చిన్న ఉపకరణ మొకటి యుండును. చేయి కదలిన తీరునుబట్టి అది యడుగు నూహించును. అంతేగాని పాదమును చూడజాలదు. చేయి కదలనిచో నడచినను తప్పిపోవుచుండును.

ఇందుచేత మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఒక చేత మేడి, ఒక చేత ములుగఱ్ఱ పట్టి దున్నువారు. ఎకరమునకు 43,560 చదరపు టడుగులు. చాలునకు చాలునకు తొమ్మిది యంగుళముల యెడ మున్నచో ఎకరము నొకసాలు దున్నుటకు సరిగా పదునొకండు మైళ్ళు నడువవలెను. మైలుకు రెండువేల చొప్పున నిరువదిరెండువేల యడుగులు, అదియు మెత్తని దుక్కిలో! మేడి పట్టిన యా చేతికి నా గడియారము కట్టియున్నచో సగమైన లెక్కకు వచ్చెడిదో రాదో. నేటికిని మిరపకోతలనాడు తెల్లవాఱినది మొదలు సాళ్ళవెంట వంగి నడచు కూలిస్త్రీల కెవ్వరును గడియారములు పంపరు.

బావ మా మేనత్త కుమారుడు. నాకన్న నాలుగేండ్లు పెద్ద. ముప్పది యేండ్లుగా తెల్లవారుజామున నిద్దఱము కలిసి చెఱువుకట్ట మీదుగా పొలముల బాటను నడచుట యలవాటు. కొండవీటి కొండలపై వెలుగు పడువేళకు తిరిగి వచ్చెడివారము. అద్దంకిలో రాజ్యమేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలాహోబిలములకు సోపానములు కట్టించినాడు గదా, తన వంశమువారు రాజధాని చేసికొన్న యీ కొండకు మాత్ర మిప్పటి ప్రభుత్వము కారుబాట వేసినదని బావ యొకటే మాట వేయి మార్లు చెప్పెడివాడు. గడియారము వచ్చిన పిమ్మట నా నడక వేగము హెచ్చినది. మాట తగ్గినది. నిమిషమున కొకమాఱు మణికట్టు చూచుకొనుచు ముందు పోవుచుంటిని. ఒకనాడు బావ నిలిచి, “ఏమోయ్, నువ్వు నాతో నడుస్తున్నావా, ఆ గడియారంతో నడుస్తున్నావా?” అనెను. నేను నవ్వి యూరకుంటిని. కొన్నాళ్ళకు ఆయన రాక మానెను. సిగ్గు విడిచి చెప్పుచున్నాను, ఆ మాసమున నా యడుగులు పెరిగినవి, అందుకు సంతోషించితిని.

కార్తికమాసమున వారింటికి పోగా బావ మంచముమీద నుండెను. మోకాలు వాచియున్నది. “ఎన్నాళ్ళనుండి?” యని యడిగితిని. “సంక్రాంతినుంచీ కుంటుతూనే ఉన్నాను. నీ పక్కనే గదయ్యా నడిచింది!” అనెను. నా గుండె నిమిషమున కెన్ని మార్లు కొట్టుకొనునో రాత్రింబవళ్ళు ఎఱిగిన నేను, నా ప్రక్కన పది నెలలు కుంటినవానిని చూడనైతిని. ఆ మాట కెట్టి జవాబును చెప్పలేకపోయితిని.

వైద్యు డాయనను దినదినమును మెల్లగా కొంత నడువుమనెను. ఆయన కఱ్ఱ పట్టుకొని నడువగా నేను తోడు పోవ మొదలిడితిని. మొదట తెల్లవారుజామున ఆయనతో కొంత నడచి ఇంట దింపి, తరువాత నొంటరిగా మిగిలిన దూరము నడచెడివాడను. గడియారమునకు విద్యుత్తు పెట్టుట ఒకనాడు మఱచితిని, రెండవనాడును మఱచితిని. మూడవనాడు మఱచితినని చెప్పినచో అబద్ధమగును. మూడు నెలలకు చేయించిన రక్తపరీక్షలో నా చక్కెర మునుపటియంతయే యుండెను.

అప్పుడు మా వైద్యుడొక సంగతి చెప్పెను. నడచునపుడు మాటాడగలిగి, పాట పాడలేకున్న ఊపిరియే తగిన నడక. మాటయు రాకున్న నది మితిమీఱిన వేగము. పాటయు వచ్చిన నింకను చాలదు. ఈ పరీక్ష వైద్యులలో వాడుకలో నున్నదే. ముప్పది యేండ్లుగా బావతో వాదులాడుచు నడచినపుడు నే నెఱుగకయే కొలుచుకొన్నది యిదియే గదా యనిపించినది.

పండితులు చేసిన పరిశోధనలును కొన్ని కలవు. 2016లో అమెరికాలోని పిట్స్‌బర్గునందు సుమారు 470 మంది స్థూలకాయులైన యువజనులను రెండు జట్లు చేసి రెండేండ్లు చూచిరి. దండకు యంత్రము కట్టుకొన్న జట్టు సగటున మూడున్నర కిలోలు తగ్గగా, కట్టుకొననిది 5.9 కిలోలు తగ్గెను. హార్వర్డు విద్యాలయమున ఐ-మిన్ లీ యను విదుషీమణి 2019లో ప్రకటించిన దింకను నావంటి వృద్ధులకు సంబంధించినది. సగటున 72 యేండ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీలలో దినమునకు 2,700 అడుగులు నడచువారికన్న 4,400 నడచువారిలో మరణములు నూటికి 41 వంతులు తక్కువ. 7,500 దాటిన పిమ్మట అధికలాభ మేమియు కనబడలేదు. రోగముచేతనే నడువలేనివారును అందుండవచ్చును గనుక ఈ లెక్కను కూడ కొంత తగ్గించి చదువుకొనవలెను. అయినను ఆ రెండువందల యడుగులకై వసారాలో తిరిగిన నా రాత్రులు తలచుకొని నవ్వుకొంటిని.

ఇట్టి గడియారము లెవ్వరికిని వలదని నా మాట కాదు. గుండెకొట్టుకొనుట తప్పుచున్నదని వైద్యుడు చెప్పి కట్టుకొమ్మన్నవారు తప్పక కట్టుకొనవలెను. క్రొత్తగా వ్యాధి తెలిసినవారికి నా మొదటి ఆఱు నెలల చదువు అవసరమే. నా గడియార మిప్పుడు మా వీథిలోనే యొక కుఱ్ఱవాని చేతి కున్నది. ముప్పదియైదేండ్లు నిండకముందే చక్కెర వచ్చినదని దిగులుపడుచుండగా ఇచ్చితిని. ఏడాది కట్టుకొని తిరిగి యిచ్చెదననెను. మొన్న కనబడి, “తాతయ్యా, నిన్న పన్నెండువేలు!” అనెను. మంచిదంటిని.

బావ యిప్పుడు చెఱువు తూముదాక నడువగలడు. అక్కడ ఱాతిమీద కూర్చుండి కొండవైపు చూచి, కారుబాట సంగతి మరల మొదలుపెట్టును.