రాచపుండు, గజ్జల్లో బిళ్ళ

సికింద్రాబాదు రైల్వేస్టేషను దగ్గరి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి 1958లో గాంధీ ఆసుపత్రి అయింది. 2003లో ముషీరాబాదుకు తరలింది. పేరూ చోటూ మారాయి. కాని స్త్రీలకు వచ్చే ఒక జబ్బును కప్పిన మౌనం మాత్రం అంత సులువుగా తొలగలేదు. అది బాహ్య జననాంగానికి వచ్చే క్యాన్సరు, అంటే వల్వా క్యాన్సరు.

ఇది అరుదైనది, ఎక్కువగా ముట్లుడిగిన వయసులో వస్తుంది. వదలని దురద, తెల్లమచ్చ, మానని పుండు దీని తొలి గుర్తులు. కంటికి కనబడే చోటే పుడుతుంది, అయినా చూపుకోవడానికి సిగ్గు అడ్డం వస్తుంది.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన పెద్దలెరుగుదురు. ఈ రాచపుండు పాకే దారీ అదే. 1912లో ఫ్రాన్సుకు చెందిన ఆంట్వాన్ బాసే పుండుతోపాటు గజ్జల్లోని లింఫు గ్రంథులనూ తొలగించే పద్ధతిని వివరించాడు. 1940లలో అమెరికాలో టౌసిగ్, ఇంగ్లండులో స్టాన్లీ వే దానిని స్థిరపరిచారు. అంతకుముందు అయిదేళ్ళు బ్రతికినవారు సుమారు నాలుగోవంతు. ఆ తర్వాత సగానికి పైగా బ్రతికారు. అయితే గాయాలు పగిలి, కాళ్ళు వాచి, వారు పడిన యాతన అంతా ఇంతా కాదు. తరువాతి వైద్యులు కోతను క్రమంగా తగ్గించారు. 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, తొలిదశలో తగిన రోగులకు మొదటి కాపలా గ్రంథిని మాత్రమే తీసి పరీక్షించినా చాలునని చూపింది.

మన వైపు 1955లో హైదరాబాదులో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి నేడు మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడుస్తోంది. పేదలకు రేడియేషన్ చికిత్స అందుబాటులోకి తెచ్చిన సంస్థల్లో అదొకటి.

ఆయువును నిర్ణయించేవాటిలో ముఖ్యమైనది గజ్జల గ్రంథులే. వాటికి పాకకపోతే నూటికి 80కి పైగా అయిదేళ్ళు దాటుతారు, పాకితే సుమారు సగమే. ఎన్ని గ్రంథులకు పాకిందన్నదీ ముఖ్యమే. కణితి పరిమాణం, లోతు, కోత అంచున క్యాన్సరు మిగిలిందా లేదా, వయసు, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి. హెచ్.పి.వి. వైరస్ వల్ల వచ్చినది సాధారణంగా చికిత్సకు బాగా లొంగుతుంది. ఆ రకాన్ని ఆపే టీకా కూడా ఉంది.

వీటిలో మన చేతిలో ఉన్నది కాలమొక్కటే. శస్త్రవైద్యులు నూరేళ్ళు శ్రమించి సంపాదించిన ఆయువును సిగ్గు కొన్ని నెలల్లో హరించగలదు. అమ్మనో అత్తనో "ఏమైనా బాధగా ఉందా?" అని అడగడం అమర్యాద కాదు. మానని పుండును డాక్టరుకు చూపించడమూ కాదు.