బళ్లారి వీథిబడులు: బాలుర పఠనాభిరుచి

బాలునకు గ్రంథమునందుఁ బ్రీతి యెట్లు కలుగునను ప్రశ్న నేఁటిది కాదు. చెన్నపురి రాజధానిలోని దేశీయపాఠశాలల స్థితి నరసి లెక్కలు సేకరింపవలసినదని గవర్నరగు సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీని నిర్ణయించెను. దానికిఁ బ్రత్యుత్తరముగా బళ్లారి కలెక్టరగు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీని వ్రాసిన లేఖ యీ ప్రశ్నను విమర్శించువారికి మిక్కిలి యుపకరించును. ఈతఁడు 1816లోఁ దెలుఁగు వ్యాకరణము నింగ్లీషున రచించి ప్రకటించినవాఁడు. కావున నంకెలతోఁ దనివినొందక బడి నడచు తీరు నంతయు వర్ణించెను.

అప్పు డా జిల్లాలోఁ దెలుఁగును గన్నడమును వ్యవహారమునం దుండెను. 9,27,857 మంది జనులకు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును గలరు; వారిలో బాలికలు 60 మంది మాత్రమే. బాలుఁ డైదవయేట బడిలోఁ జేరి, యిసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుచుండెను. ఉదయమున నందఱికంటె ముందు వచ్చినవాని యఱచేత సరస్వతి నామము వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూఁడవవానికి నొక దెబ్బ. పిమ్మట వచ్చువారికిఁ గ్రమముగా నొక్కొక్కటి హెచ్చుచుండును. పెద్దబాలురు చిన్నవారికి నేర్పు పద్ధతిని కాంబెల్ ప్రశంసించి, యింగ్లండులో దాని ననుకరించుట యుచితమే యనెను.

అయిన నాతఁడు చూపిన లోపములు రెండు: గ్రంథముల స్వభావము, సమర్థులగు నుపాధ్యాయుల కొఱఁత. రామాయణ భారత భాగవతములు కావ్యభాషలో నుండుటచే వాడుకమాటకు దూరమైనవి. బాలుఁ డనేక పద్యములను దప్పులేక వల్లించును. అర్థ మడిగినచోఁ జిలుకవలె నేమియు నెఱుఁగఁడు. వివరింపఁగల గురువులే యరుదు. పేదయిండ్లలో బిడ్డల చేతిపని యవసరమగుటచే నీపాటి చదువును బలువురకు లభింపదయ్యెను.

దీనినిబట్టి వల్లెవేయుట వ్యర్థమని తలంచుట పొరపాటు. పద్యము నోటికి వచ్చినవానికి ఛందోగతియుఁ బదసంపదయుఁ జెవినుండియే యబ్బును. కాని ధారణ వేఱు, రుచి వేఱు. ఊరిలోఁ బురాణకాలక్షేపము జరుగునపుడు పౌరాణికుఁడు పద్యము చదివి, యర్థము చెప్పి, కథ నడపును. బడిలో దొరకని యర్థము బాలున కచ్చట దొరకెడిది. కాంబెల్ పేర్కొన్న వినోదగ్రంథములలోఁ బంచతంత్రమును, బేతాళపంచవింశతియు నుండుట గమనింపఁదగినది. బాలుని మనస్సు వేనియం దాసక్తి వహించునో యవి యా పట్టికలోనే కలవు.

1853లోఁ బరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడి, పంచతంత్రకథలలో మిత్రలాభ మిత్రభేదములు రమ్యవచనమున నవతరించెను. అది పాఠ్యగ్రంథమై శబ్దార్థములకును, సంధిసమాసములకును నాధారమయ్యెను. వ్యాకరణశిక్షకు లాభమే కలిగెను. కాని కథ తరువాత నేమయ్యెనో యను కుతూహలమున కెడము తగ్గెను.

ఈ కుతూహలమునకే పెద్దపీట వేసినవి 1945లోఁ బుట్టిన 'బాల' పత్రికయు, 1947 జూలైలోఁ బుట్టిన 'చందమామ'యు. వీనికిఁ బరీక్ష లేదు, బెత్తము లేదు. బళ్లారి పట్టికలోని బేతాళుఁడే చందమామలో దశాబ్దములపాటు మాసమాసమును విక్రమార్కుని భుజ మెక్కి, కథ చెప్పి, చివర నొక ప్రశ్న యడుగుచుండెను. ఆ ప్రశ్నకు సమాధానమును దెలియఁగోరి బాలురు దమంతటఁ దామే పుట త్రిప్పిరి. ఆ పత్రిక నేఁడు నిలిచిపోయినను, దాని వలనఁ దేలిన విషయము నిలిచియున్నది.

కాంబెల్ చూపిన కొఱఁత బాలురది కాదు. వారి చేతి కందిన గ్రంథముది, దానికి నర్థము చెప్పని బడిది. పద్యమును వల్లెవేయించుటకు ముందుగా నందలి కథను జెప్పు నుపాధ్యాయుఁ డా కొఱఁతను నేఁడును దీర్పఁగలఁడు.