దవడకీలు నొప్పికి కారణము వెదకిన చరిత్ర



మోకాళ్ల నొప్పిని గూర్చియు, నడుము నొప్పిని గూర్చియు మన రచ్చబండల మీద మాటలాడుకొనని దినము లేదు. కాని చెవికి ముందుగా వ్రేలుంచి నోరు తెఱచి మూసినచో వ్రేలిక్రింద కదలునట్టి కీలొకటి కలదు. దానిని దవడకీలందురు, సంస్కృతమున హనుసంధి. నమలుటకు, మాటలాడుటకు, ఆవులించుటకు అన్నింటికి నదియే ఆధారము. అది నొచ్చు దినము వచ్చువఱకు దాని నెవరును తలంపరు.

నాకీ విషయమున శ్రద్ధ కలుగుటకు మా యక్కగారి బాధ కారణము. సుమారు నలువది యేండ్ల క్రిందట, మా నల్లమాడ ప్రాంతమున వరుసగా వానలు తప్పిన కాలమున, ఆమెకు ఎడమ దవడయందు నొప్పి పుట్టెను. చెనక్కాయపంట పోయెను, అప్పు మిగిలెను, రాత్రులు నిద్ర లేదు. పట్టణమున నొక వైద్యుడు పంటిదోషమని నిశ్చయించి దవడపన్ను నొకదానిని తీసెను. నెల గడచిన పిమ్మట రెండవదానిని తీసెను. రెండును పుచ్చు లేని గట్టి పండ్లు. “తమ్ముడా, పండ్లు పోయినవి గాని నొప్పి పోలేదు” అని యామె నాతో ననెను. ఆ పొరపాటు ఒక్క వైద్యునిది కాదనియు, దాని వెనుక నొక పెద్దచరిత్ర కలదనియు నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేసెదను.

దవడకీలు తప్పి నోరు తెఱచినది తెఱచినట్లే నిలిచిపోవుట ప్రాచీనులెఱిగినదే. క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున వ్రాయబడిన ఈజిప్టుదేశపు వైద్యపత్రమొకటి 1862లో ఎడ్విన్ స్మిత్తు అను నాతనికి దొరకెను. బొటనవ్రేళ్లను నోటిలోపల దవడకొనలపై నుంచి, తక్కిన వ్రేళ్లను గడ్డముక్రింద పట్టి, కీలును స్వస్థానమున నిలుపవలెనని యందు గలదు. మన చరకసంహితయందును కాపడము పెట్టి, బొటనవ్రేళ్లతో నదిమి, చూపుడువ్రేళ్లతో గడ్డమును పైకెత్తుమని చెప్పబడినది. సుశ్రుతుడు కీలు చక్కబఱచిన పిమ్మట కట్టు కట్టుమనెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున కారణములను గూడ చెప్పెను: నాలుకను మితిమీఱి గీచుట, ఎండిన గట్టిపదార్థములను తినుట, దెబ్బ తగులుట. వీనివలన వాతము ప్రకోపించి, నోరు తెఱచుకొనియైనను మూసికొనియైనను నిలిచిపోవునని యాతని మతము. గురువుగారియొద్ద నేనా భాగమును చదువుకొన్నపుడు కంఠస్థము చేసితిని గాని దాని విలువ నెఱుగనైతిని. ఒక్క కారణము గాక పలుకారణములు చెప్పుటయే యందలి విశేషము.

తప్పిన కీలు కంటికి కనబడును. నొచ్చు కీలు కనబడదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

ఈ కీలు నిర్మాణమును కొంచెము చూతము. క్రిందిదవడయెముక కొన కణతయెముకలోని గుంటయం దమరియుండును. రెంటి నడుమ పలుచని నారబిళ్ళ యొకటి మెత్తవలె నుండును. తలుపుబందు తిరుగుట మాత్రమే యెఱుగును. ఈ కీలు మొదట తిరుగును, పిదప ముందునకు జాఱును. పైగా కుడియెడమల రెండు కీళ్లును ఒకే యెముకకు చేరినవి. ఒకే కాడికి కట్టిన యెడ్లలో నొకటి కుంటిన రెండవదానికిని కష్టము గదా! ఇవియు నట్టివే. బిళ్ళ తన చోటు తప్పినపుడు నోరు తెఱవగా ‘టక్కు’మని చప్పుడగును. 1887లో ఎడింబరో నగరమున అనండేలు అను శస్త్రవైద్యుడు చోటుతప్పిన బిళ్ళను కుట్టి నిలిపిన వృత్తాంతమును ప్రకటించెను.

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున కాస్టెను అను చెవిముక్కు వైద్యుడు పదునొకండుగురు రోగులను గూర్చి యొక వ్యాసము వ్రాసెను. చెవినొప్పి, చెవిలో హోరు, తల తిరుగుట వారి బాధలు. దవడపండ్లు పోయినందున క్రిందిదవడ పైకిని వెనుకకును జరిగి నరములను, చెవిగొట్టమును నొక్కుచున్నదని యాతడు తలంచెను. పండ్ల యెత్తును సరిచేసిన బాధ తీఱునని చెప్పెను. మాట తేలికగా నర్థమగునది, చికిత్స చేతిలోనిది. దంతవైద్యులు దానిని వెంటనే గ్రహించిరి. 1948లో సిచెరు అను శరీరశాస్త్రజ్ఞుడు ఆ నరములు దవడయెముక నొక్కగల చోట లేవని చూపెను. కారణము కూలిపోయెను, చికిత్స మాత్రము నిలిచిపోయెను. పండ్ల నరుగదీయుట, ఎత్తు పెంచుట అనేక సంవత్సరములు సాగుచునే యుండెను. మా యక్కగారి పండ్లు ఆ నమ్మకపు నీడలోనే పోయినవేమో యని నాకు తోచును.

1950 తరువాత న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున ష్వార్ట్సు రోగుల దవడలను చేతితో నదిమి పరీక్షించి, పెక్కుమందికి నొప్పి కీలునందు గాక నమలు కండరములయం దున్నదని చెప్పెను. 1969లో లాస్కిను మఱియొక మెట్టు ముందునకు వేసెను. మనస్సునకు వ్యథ కలిగినవాడు తెలియకయే పండ్లు బిగించును. బిగింపువలన కండరము లలయును. అలసటవలన నొప్పి పుట్టునని యాతని సిద్ధాంతము. 1976లో ఆతడును సహచరులును చేసిన పరీక్ష యొకటి వినదగినది. ఇరువదియైదుగురు రోగులకు పండ్లు అరుగదీయుచున్నట్లు నటించి, నిజమునకు పంటిని ముట్టకయే పంపిరి. వారిలో పదునాఱుగురికి నొప్పి పూర్తిగానో, చాలవఱకో పోయెను! అనగా అరుగదీసినపుడు నయమైనవారందఱును అరుగదీతవలననే నయమైరని చెప్పుటకు వీలులేదు.

ఇంతలో కీలులోపల చూచుటకు కొత్త సాధనములు వచ్చినవి. డెన్మార్కు దేశపు నోర్గార్డు కీలులోనికి రంగుమందు నెక్కించి ఎక్సురే తీయు పద్ధతిని 1947 నాటికి ప్రకటించియుండెను. 1970 తరువాత ఫారరు, విల్క్సు మొదలగువారు దాని సాయమున బిళ్ళ చోటుతప్పుటను చూపిరి. 1980 తరువాత ఎం.ఆర్.ఐ. యంత్రము వచ్చి బిళ్ళను ప్రత్యక్షముగా చూపెను. అంతట అన్నింటికిని బిళ్ళయే కారణమను నమ్మకము ప్రబలి కోతలు హెచ్చెను. కొందఱికి బిళ్ళ తీసివేసి కృత్రిమపదార్థపు పలకలను పెట్టిరి. అవి చిట్లి, చుట్టుపట్ల యెముకను తినివేసినవి. అమెరికా ప్రభుత్వము 1990-91లో హెచ్చరికలు చేసి వానిని వెనుకకు రప్పించెను. రోగుల దవడలు మాత్రము మునుపటివలె కాలేదు. తరువాత నొప్పి యెన్నడు నెఱుగని యారోగ్యవంతులకు ఎం.ఆర్.ఐ. తీసి చూడగా వారిలోను సుమారు మూడవవంతు మందికి బిళ్ళ చోటుతప్పియే యుండెను. చిత్రపటమున కనబడిన దంతయు రోగము కాదని యప్పుడు తెలిసెను.

ఇన్ని దెబ్బలు తినిన పిమ్మట పండితులు నిదానమును గూర్చి యొక యొడంబడికకు వచ్చిరి. 1992లో డ్వర్కిను, లెరెష్ అనువారు పరీక్షాసూత్రములను కూర్చిరి. 2014లో వానిని సంస్కరించి ప్రకటించిరి. వాని పద్ధతి సులభము. నొప్పి యెచ్చట, నమలినపుడు మాఱునా యని రోగి నడుగవలెను. కండరముపై సుమారు కిలో బరువుతో నదిమి, “నీవు పడు నొప్పి యిదేనా?” యని ప్రశ్నింపవలెను. నోరెంత తెఱచుకొనునో కొలువవలెను. నలువది మిల్లీమీటర్లకు తగ్గిన నాలోచింపవలసినదే. అంతతో సరిపెట్టక నిద్ర, దిగులు, ఇతరచోట్ల నొప్పులను గూడ విచారింపవలెను. దేహమొక పళ్లెమున, మనస్సు రెండవ పళ్లెమున నుంచి తూచుట యిది.

2006లో అమెరికాలో ప్రారంభమైన యొక పరిశోధనలో దవడనొప్పి లేని మూడువేలమందికి పైగా జనులను చేర్చుకొని, ఎవరికి నొప్పి వచ్చునో యేండ్ల తరబడి కనిపెట్టిరి. నిద్ర చెడుట, దేహమున నితరనొప్పులుండుట, పండ్లు బిగించు నలవాటు, దవడకు దెబ్బ తగులుట, పొగ త్రాగుట ఇట్టివి పెక్కు కలసి దారి తీయునని తేలెను. ఒక్క కారణము దొరకలేదు.

ఇక్కడ మన తెలుగుదేశపు ముచ్చట యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములలో జనులకు పండ్లపై మచ్చలు పడి, వెన్నును కీళ్లును బిగిసికొనిపోవుచుండగా, అది త్రాగునీటిలోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధియని షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. అచ్చట కారణము బావిలో దొరకెను. దవడనొప్పికి అట్టి బావి యొకటి లేదు. పలుచెలమల నీరు వచ్చి చేరును. ఒక్క బావినే త్రవ్వుచు కూర్చున్నందున నొక శతాబ్దము రోగులు బాధపడిరి.

పెద్దలారా, ఒక హెచ్చరిక. దవడ బిగిసినదెల్ల కీలునొప్పి కాదు. గాయము తగిలిన పిమ్మట దవడలు బిగిసినచో ధనుర్వాతము కావచ్చును; ఆలస్యము ప్రాణాంతకము. వక్కలు, గుట్కా నమలువారికి నోటిలో మంట పుట్టి, బుగ్గలు గట్టిపడి, నోరు క్రమముగా మూసికొనినచో అది వేఱు వ్యాధి; పుట్టకుఱుపునకు దారితీయవచ్చును. నడచునపుడు ఎదనొప్పితో గూడ దవడ లాగినచో గుండెను చూపించుకొనవలెను. ఇవేవియు కానపుడు తొందరపడి పన్ను తీయించుకొనకుడు, కోతకు ఒప్పుకొనకుడు. మెత్తని యాహారము, వెచ్చని కాపడము, దవడకు విశ్రాంతి, వైద్యుడు చెప్పిన తేలికమందులు మొదట. పెక్కుమందికి వీనితోనే నెమ్మదించును.

మా యక్కగారి నొప్పి యెట్లు పోయినదందురా? మఱియొక వైద్యుడు ఆమె బుగ్గ నదిమిచూచి, “అమ్మా, రాత్రి నిద్ర పట్టుచున్నదా?” యని యడిగెను. అంతవఱకు ఆ ప్రశ్న నెవరును వేసియుండలేదు. ఆమె యచ్చటనే కన్నీరు పెట్టుకొనెను. సంగటిని పలుచగా జారుచేసికొని త్రాగుచు, వేడిగుడ్డ కాచుకొనుచు కొన్ని నెలలు గడపెను. మఱుసటి యేడు వాన కురిసెను, అప్పు కొంత తీఱెను, నొప్పి తగ్గెను. ఏది యేదానివలన తగ్గినదో నేను చెప్పజాలను. కాని పోయిన రెండు పండ్లు మాత్రము మరల రాలేదు.

స్వస్తి.