కుట్టు నిలవాలంటే

కష్టకాన్పులో బిడ్డ తల తల్లి కటి ఎముకల మధ్య ఇరుక్కుని రోజుల తరబడి కదలకపోతే, ఆ తలకూ ఎముకకూ నడుమ మూత్రాశయం గోడ, యోని గోడ నలిగిపోతాయి. రక్తం అందక ఆ మేర చచ్చుబడి, కాన్పయిన కొద్ది రోజులకు ఊడిపోతుంది. మిగిలిన రంధ్రంలోంచి మూత్రం రాత్రీపగలూ కారుతూనే ఉంటుంది. వైద్యులు ఫిస్టులా అనే ఈ దురవస్థలో బిడ్డ చాలావరకు దక్కదు, ఆ తర్వాత మొగుడూ ఊరూ కూడా దూరమైన ఆడవాళ్లు ఎందరో. క్రీస్తుపూర్వం 2050 ప్రాంతంలో ఈజిప్టు రాజాస్థానంలో బతికిన హెన్‌హెనిత్ మమ్మీని 20వ శతాబ్దంలో పరీక్షిస్తే, ఇరుకైన కటితో పాటు ఇలాంటి పెద్ద రంధ్రమే కనబడింది. ఇంత పాత వ్యాధికి చికిత్స దొరికిన కథను వైద్యచరిత్ర చాలాకాలం అమెరికన్ సర్జన్ జేమ్స్ మేరియన్ సిమ్స్ పేరు మీద, ఆయన వాడిన వెండి తీగ మీద నడిపింది. ఆ కథ సగమే. అసలు చిక్కు కుట్టే దారంలో కన్నా, ఆ కుట్టును పట్టి ఉంచాల్సిన కండలో ఎక్కువగా ఉంది. దాన్ని గుర్తించి పక్కనుంచి ప్రాణమున్న కండను తెచ్చి అడ్డుపెట్టినవాళ్లకు చరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

దారం కోసం వెతుకులాట చాలా కాలం సాగిన మాట నిజమే. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ రూన్‌హౌజ్ 1663లోనే రంధ్రం అంచులను చెక్కి, హంస ఈకల కాడలతోనూ పట్టుదారంతోనూ బిగించాలని రాశాడు. వర్జీనియాలో మెటావర్ 1838లో సీసపు తీగతో ఒక రంధ్రాన్ని మూశాడు. సిమ్స్ 1845 నుంచి 1849 దాకా అలబామాలోని మాంట్‌గోమరీలో బానిస స్త్రీల మీద ఆపరేషన్లు చేశాడు. వారిలో అనార్కా, లూసీ, బెట్సీ అనే మూడు పేర్లే మనకు మిగిలాయి. మత్తుమందు లేదు. కాదనే హక్కు వాళ్లకు లేదు. తోటి డాక్టర్లు విసిగి వెళ్లిపోయాక ఆ స్త్రీలే ఒకరి ఆపరేషన్‌లో ఒకరు సాయం నిలబడ్డారు. అనార్కాకు దాదాపు 30వ సారి, వెండి తీగతో రంధ్రం మూసుకుంది. ఆ 30 సార్ల నీతి వేరు, శాస్త్రం వేరు అని వాదించేవారున్నారు. ఈ వ్యాధిలో ఆ రెండింటినీ విడదీయలేం. విఫలమైన ప్రతి కుట్టూ అక్కడ మచ్చకండను పెంచుతుంది, మచ్చకండకు రక్తం తక్కువ, రక్తం తక్కువైతే తర్వాతి కుట్టు నిలిచే అవకాశమూ తక్కువ. అంటే చేయి తిరగని ప్రతి ప్రయత్నం భారమూ ఆమె ఒంటి మీదే పడింది.

కండను తెచ్చి పూడ్చవచ్చన్న ఆలోచనకు మూలం మరోచోట ఉంది. తెగిన ముక్కును చెంప చర్మంతో కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. పుణేలో నుదుటి చర్మంతో ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాక యూరప్ సర్జన్లు ఆ విద్యను పట్టుకున్నారు. చర్మం తునకను ఒకవైపు మొదలు తెగకుండా తిప్పితే దాని రక్తం దానితోనే వస్తుందన్నది అందులోని కీలకం. 1830లలో పారిస్‌లో జోబెర్ ద లాంబాల్ ఫిస్టులాకు ఇలా పక్క చర్మాన్ని తిప్పి చూశాడు, ఫలితాలు నిలకడగా రాలేదు. నిజమైన మలుపు 1928లో గోటింగెన్‌లో హైన్రిఖ్ మార్టియస్ చేతిలో వచ్చింది. యోని పెదవి లోపలి కొవ్వును కొంత కండతో సహా ఒక చివర అతుక్కునే ఉండేలా విడదీసి, యోని చర్మం కింద సొరంగంలా దారి చేసి, మూత్రాశయం కుట్టు మీదికి తెచ్చి పరిచి, ఆ పైన యోని గోడను మూసేయడం ఆయన పద్ధతి. రెండు కుట్లు ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో కొత్త రక్తంతో ఒక మెత్తటి పొర ఉంటుంది. కటి లోపల పైభాగాన ఉన్న రంధ్రాలకూ, కేన్సర్‌కు రేడియేషన్ ఇచ్చాక పడ్డవాటికీ, పేగులను కప్పే కొవ్వు తెరను కిందికి దించి పరిచే పద్ధతిని తర్వాతివాళ్లు స్థిరపరిచారు. తొడ లోపలి సన్నని కండనూ వాడారు.

దీనికి గట్టి అభ్యంతరం ఇటీవలి అనుభవం నుంచే వచ్చింది. ఇథియోపియాలో పనిచేసిన ఆండ్రూ బ్రౌనింగ్, కాన్పు వల్ల పడిన ఫిస్టులాల్లో మార్టియస్ కొవ్వు వేసినా వేయకపోయినా ఫలితం మారలేదని 2006లో ప్రకటించాడు. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అవసరం లేనిచోట మరో కోత, మరో నొప్పి ఎందుకు? అయితే కొవ్వు లేకుండానే మానిన ఆ రంధ్రాలను మూసింది ఎలాగో చూడాలి. మూత్రాశయాన్ని యోని నుంచి విశాలంగా విడదీసి, లాగుడు లేకుండా విడివిడిగా కుట్టే పద్ధతి అది. బెర్లిన్‌లో మాకెన్‌రోట్ 1894లో చెప్పిందీ అదే. బిగువు పెరిగితే అంచులకు రక్తం ఆగుతుంది కనుక ఆ జాగ్రత్త కూడా కండ ప్రాణాన్ని కాపాడేదే. పైగా రేడియేషన్‌తో ఎండిపోయినచోట, చాలాసార్లు విఫలమైనచోట, మూత్రనాళమే పోయినచోట పక్కకండ అవసరం తీరలేదు.

తొలి ఆపరేషన్‌కే గెలిచే అవకాశం ఎక్కువన్న ఇవాళ్టి సూత్రానికీ కారణం, విఫలమైన ప్రతి కుట్టూ కండకు రక్తాన్ని తగ్గించడమే. 1959లో ఆస్ట్రేలియా నుంచి అడిస్ అబాబా వెళ్లిన రెజినాల్డ్, కేథరిన్ హామ్లిన్ దంపతులు 1974లో ఈ వ్యాధికే ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచి, పక్కకండ పద్ధతులను రోజువారీ పనిగా మార్చారు. చదువు లేకుండా రోగిగా అక్కడికి వచ్చిన మమితు గాషే ఆపరేషన్ బల్ల పక్కన సాయంగా నిలబడుతూ పని నేర్చుకుని, తానే ఫిస్టులాలు మూసే సర్జన్ అయింది, ఆ తర్వాత అక్కడికి వచ్చిన డాక్టర్లకు ఆ పని నేర్పింది.