కొంటా అరణ్యములలో స్వాతంత్ర్య దినము

శబరీనది యొడ్డున, మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు తావున కొంటా కలదు. అది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు చెందినదైనను, దాని పొరుగూరు మన చింతూరు. దానిని తాకి ప్రవహించు శబరి కూనవరము వద్ద గోదావరిలో కలియును. చుట్టుపట్ల పల్లెలలోని దోర్లలు పలుకునది కోయభాషలో ఒక మాండలికము. అందు తెలుగు మాటలు కొల్లలు. కావున ఈ సీమ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

1947 ఆగస్టు 15న దేశమెల్ల ఉత్సవము జరుపుకొనుచుండగా బస్తరు ఇంకను రాజుల యేలుబడిలోని సంస్థానమే. 1948 జనవరి 1న అది మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రమున విలీనమయ్యెను. అడవి పల్లెలకు ఈ తేదీలు కబురుగా వచ్చినవే గాని అనుభవముగా వచ్చినవి కావు. వారి స్మృతిలో నిలిచిన సంవత్సరము వేరొకటి: 1910.

1905లో బ్రిటిషు ప్రభుత్వము బస్తరు అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయ సంకల్పించెను. పోడు, వేట, అటవీ ఫలసేకరణ నిషిద్ధములగునని తెలిసి ప్రజలు కలవరపడిరి. మామిడికొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణములు పల్లెనుండి పల్లెకు సంకేతములై సాగినవి. నేతానారు గ్రామవాసియగు గుండా ధూర్ పేరు ఆ భూంకాల్ తిరుగుబాటుతో శాశ్వతముగా ముడివడినది. దానిని అణచుటకు సేనలకు సుమారు మూడు మాసములు పట్టెను. ధూర్ మాత్రము చిక్కలేదు. రిజర్వు చేయదలచిన అడవి సగమునకు తగ్గెను. నేటికిని బస్తరులో ఫిబ్రవరి 10న భూంకాల్ దినము జరుపుదురు.

స్వతంత్ర భారతమునకు ఆదివాసి వేసిన ప్రశ్నయు పాతదే. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ప్రజాస్వామ్యమును ఆదివాసులకు నేర్పనక్కరలేదనియు, వారినుండియే నేర్చుకొనవలెననియు స్పష్టపరచెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఐదవ షెడ్యూలు నొసగినది. గ్రామసభకు అధికారమిచ్చిన చట్టము 1996లోను, అటవీ హక్కుల చట్టము 2006లోను వచ్చినవి.

కాగితముపై హక్కులు పెరుగుచుండగా కొంటా పల్లెలు ఖాళీ అయినవి. 2005లో సల్వాజుడుం మొదలైన పిదప వేలాదిమంది నాటి ఖమ్మం జిల్లా అడవులకు చేరిరి. ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి పోరుకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మరియొకవైపు మావోయిస్టులు జాతీయ దినములను బహిష్కరించి నల్లజెండాలెత్తించిరి. ఇరుపక్షముల నడుమ పల్లె నలిగిపోయినది.

2016 జూన్‌లో కొంటా ప్రాంతమున గొంపాడ్ గ్రామ యువతి యొకతె భద్రతాదళముల కాల్పులలో మరణించెను. ఆమె మావోయిస్టు అని పోలీసులనిరి, కాదని కుటుంబమనెను. ఆ ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినమున, మునుపు ఉపాధ్యాయినిగా పనిచేసి చెరసాల కష్టముల నెరిగిన సోనీ సోరి దంతేవాడనుండి పాదయాత్ర ఆరంభించెను. 15వ తేదీన గొంపాడ్‌లో త్రివర్ణ పతాకము ఎగిరెను.

ఆ పతాకము విజయచిహ్నము కాదు, దావా పత్రము. ఈ దేశము మాదికూడనైనచో దీని న్యాయము మా గుమ్మము వఱకు రావలెనని ఆ పల్లె యడిగినది. రాజధానిలో ఏటేట పతాకమునకు వందనము సలుపువారు ఈ ప్రశ్నను గూడ వినవలసియున్నది.